సీసాలో ఒంటి ఈగ

దాదావలికి మూడు పెళ్ళిచూపులు చెడిపోయాయి.

మొదటి ఇంట్లో నోరు పెగల్లేదు. తనకిచ్చిన షర్బత్ తాగేసి, ఏం చేయాలో తోచక పిల్ల తండ్రి గ్లాసు కూడా తాగేశాడు. రెండో ఇంట్లో ఆ తప్పు దిద్దుకుందామని, కూర్చున్నది మొదలు లేచేదాకా సమాధిలో మనిషి పడే యాతన గురించి మాట్లాడాడు. మూడో ఇంట్లో పిల్ల వైపు చూసే ధైర్యం లేక, వాకిట్లో కట్టేసిన మేకతో మాట కలిపాడు. మేకకు మాత్రం అబ్బాయి నచ్చాడని ఊళ్ళో చెప్పుకున్నారు.

ఇప్పుడు నాలుగో సంబంధం. పిల్ల పేరు గౌసియా, మిషను కుడుతుంది. ప్రతి గురువారం గుట్టమీది దర్గాకు వస్తుంది. ఆమె మెట్లెక్కి రావడం దాదావలి తన గది కిటికీలోంచి ఏడాదిగా చూస్తున్నాడు. ఈ సంబంధం తప్పిపోతే తనకిక అన్నం సహించదని అతనికి తెలుసు. గౌసియా వాళ్ళమ్మ కబురు కూడా గట్టిగానే పంపింది. రెండు వారాలాగి శుక్రవారం రావాలి, ఈసారి కూడా మేకతో మాట్లాడితే పిల్లను ఆదోని సంబంధానికి ఇచ్చేస్తాం అని.

దాదావలి తన గురువు లాలుసా బాబా ముందు కూలబడ్డాడు.

"నా వల్ల కాదు బాబా. ఇది మా నెత్తురులోనే ఉండాది. మా తాత నిఖా రోజు సిగ్గుపడి గడ్డివాములో దాక్కున్నాడంట. మా అబ్బకు మా అమ్మతో మొదటి మాట మాట్లాడేదానికి రెండేండ్లు పట్టెనంట."

"నువ్వెప్పుడు పుడితివి?"

"మూడో ఏడు, బాబా."

"అయితే తొందరగానే తేరుకున్నాడు" అన్నాడు బాబా.

దాదావలి మూడేళ్ళుగా దర్గా వెనక గదిలో ఒంటరిగా ఉంటున్నాడు. నలుగురితో పంక్తిలో కూర్చుంటే ధ్యానం చెడుతుందని అన్నం కూడా గదిలోకే తెచ్చుకుంటాడు. అది భక్తో భయమో బాబా ఎప్పుడూ అడగలేదు.

ఆ రోజూ అడగలేదు. భక్తులు తెచ్చిన అరటిపండ్లలో బాగా మాగిపోయినది ఒకటి ఊరగాయ సీసాలో ఉంది. సీసా గోడలకు బియ్యపు నూకల్లా పండ్ల ఈగల గూళ్ళు అంటుకుని ఉన్నాయి, ఒక్కో దాంట్లో ఒక్కో ఈగ. బాబా పుల్లతో ఒక గూడు తీసి, చిన్న అరటి ముక్కతో సహా వేరే సీసాలో వేసి, రెండింటికీ గుడ్డ కట్టాడు.

"రోజూ చూస్తాండు" అన్నాడు.

రెండు రోజులకు ఈగలు బయటికొచ్చాయి. పెద్ద సీసాలో సంత మొదలైంది. మగ ఈగ ఒక రెక్క చాపి, దాన్ని వణికిస్తూ ఆడ ఈగ వెంట పడుతుంది. ఆమె ఒక తన్ను తంతుంది. అది వెనక్కి తగ్గి, కాసేపాగి, ఇంకోవైపు నుంచి వస్తుంది. రెండో సీసాలో పుట్టింది కూడా మగదే కావడం దాదావలి అదృష్టం. అది ఒంటరిగా కూర్చుని మొహం తుడుచుకుంటూ ఉంది.

"ఇది ధ్యానంలో ఉండాది బాబా" అన్నాడు దాదావలి అభిమానంగా.

ఆరో రోజు బాబా గుడ్డలు విప్పి, రెండు సీసాలనూ మూతికి మూతి ఆనించి తట్టాడు. ఒక ఆడ ఈగ ఒంటి ఈగ ఇంట్లోకి రాగానే మళ్ళీ గుడ్డలు కట్టాడు.

ఒంటి ఈగ ఉలిక్కిపడింది. అది కూడా రెక్క చాపింది, వణికించింది. కాకపోతే అరటి తొక్క ముందు. తర్వాత గుడ్డ మడత ముందు. చివరికి ఆడ ఈగ కనబడగానే ఎదురుగా వెళ్ళి తలతో గుద్దేసింది. తన్ను తిని వెల్లకిలా పడింది. లేచి, మళ్ళీ తొక్క దగ్గరికి పోయింది.

దాదావలి చెవులు ఎర్రబడ్డాయి. ఆ తొక్కలో అతనికి మేక కనబడింది.

"దీని వంశమే ఇంత బాబా" అన్నాడు.

"అన్నీ ఒక్క పండులో పుట్టినవే."

ఆ ఒక్క మాటే అని, బాబా ఒంటి ఈగను పెద్ద సీసాలోకి దులిపేశాడు. తర్వాత లేచి దాదావలి గదికి వెళ్ళి, అతని చాప, పళ్ళెం బయటికి తెచ్చి తాళం వేశాడు. పళ్ళేన్ని పంక్తిలో పెట్టాడు. చాపను ఆడవాళ్ళు చెప్పులు విడిచే గుమ్మం దగ్గర పరిచి, చెప్పులు కాచి ఎవరివి వాళ్ళకు తీసిచ్చే పని అప్పగించాడు.

మొదటి రోజు ఆడవాళ్ళు అతన్ని మూగవాడనుకుని జాలిపడ్డారు. రెండో రోజు చెప్పులు మారిపోయి జాలి పోయింది. మూడో రోజుకల్లా తిట్లు తిని నవ్వడం వచ్చింది, నాలుగో రోజుకి బదులు చెప్పడం వచ్చింది. గురువారం గౌసియా వచ్చింది. వెళ్ళేటప్పుడు అతను ఒక జత ముందు పెట్టాడు.

"ఏమప్పా, ఇవి నావా? నా కాళ్ళు ఏనుగు కాళ్ళ మాదిరి కనపడతాండాయా?"

పారిపోదామంటే వెనక పదిమంది ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. "కాదు. ఇంకోసారి చూస్తా, కూర్చోండి" అన్నాడు దాదావలి. ఏడు జతలు చూపించాడు. ఏడూ ఆమెవి కావు. చివరికి ఆమె వాళ్ళవీ వీళ్ళవీ వేసుకుని, తిట్టుకుంటూ గుట్ట దిగింది.

మర్నాడు పెళ్ళిచూపులు. షర్బత్ తెచ్చిన గౌసియా అతన్ని చూసి ఆగిపోయింది.

"నువ్వా! నా చెప్పులేవి?"

"తెచ్చినా. వాకిట్లో పెట్టినా" అన్నాడు దాదావలి. "ఒకదాని పట్టీ దర్గా మేక నమిలింది. కుట్టించినా."

"మళ్ళీ మేకేనా!" అని వాళ్ళమ్మ నెత్తి కొట్టుకుంది.

గౌసియా పళ్ళెం కింద పెట్టి, కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వి, లోపలికి పోకుండా అక్కడే కూర్చుంది.

సాయంత్రం దాదావలి గుట్టెక్కి వచ్చేసరికి బాబా సీసా పట్టుకుని కూర్చున్నాడు. దాదావలి పక్కన చేరి లోపలికి తొంగిచూశాడు. ఎంతసేపు వెతికినా ఆ గుంపులో ఒంటి ఈగ ఏదో పోల్చుకోలేకపోయాడు.

"మీ తాత నెత్తురు ఏమాయె?" అన్నాడు బాబా.

"నాతోనే వచ్చింది బాబా. లోపలికి పిలిస్తే రాలేదు. వాకిట్లో చెప్పుల కాడ నిలబడింది."