టేపు చుట్టిన ఫోకస్

వీరేశం మాస్టారిని ఏదైనా అడిగితే సూటిగా జవాబు చెప్పరు. తాను చేసిన తప్పొకటి తీసి మన ముందు పెడతారు. అలాంటివాటికి ఆయన దగ్గర కొదవేమీ లేదని, ఆయనతో ఆకాశం చూడ్డానికి చేరే మాలో కొంటెవాళ్లు అంటుంటారు. ఆ ఆదివారం పొద్దున బాపట్లలో ఆయన మేడమీద టెలిస్కోపు బిగిస్తుండగా, హైస్కూల్లో సైన్సు చెప్పే హైమవతి అడిగింది.

"మాస్టారూ, అర్థం కాకపోయినా అర్థమైందని తలూపే పిల్లల్ని ఏం చెయ్యాలి? మంగళవారం ఒకమ్మాయిని అందరి ముందూ నిలబెట్టి కడిగేశాను. అప్పట్నుంచీ బడికి రావడం లేదు. అబద్ధమాడితే ఊరుకోమంటారా?"

 మాస్టారు మస్తాన్ సంగతి చెప్పారు.

మస్తాన్‌ది లేత్ షాపు. ఆ టెలిస్కోపు స్టాండూ, గొట్టాన్ని పట్టి ఉంచే రింగులూ అతని చేతిపనే. సూర్యుడి అంచున లేచే సౌరజ్వాలల్ని ఒక్కసారి చూడాలని అతని కోరిక. ప్రత్యేకమైన ఎర్ర ఫిల్టరు ఉంటే తప్ప అవి కంటికి ఆనవు. మాస్టారు ఫోకస్ తన కంటికి సరిపెట్టుకుని, ఇంకెవరూ కదపకుండా ఫోకస్ తిప్పే మరకు టేపు చుట్టేశారు. మస్తాన్ కళ్లజోడు తీసి, తలమీద నల్లగుడ్డ కప్పుకుని చాలాసేపు చూశాడు.

"ఎర్రటి పళ్లెం కనపడతంది మాస్టారూ, అంతే."

"చూడ్డం రావాలయ్యా" అన్నారు మాస్టారు.

మూడు ఆదివారాలు ఇదే వరస. నాలుగోసారి మేడమీద పదిమంది ఉన్నారు. మస్తాన్ గుడ్డలోంచే "ఆఁ, కనపడింది!" అన్నాడు. మాస్టారు అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. "ఏ వైపు?" అన్నారు. "పైన" అన్నాడు మస్తాన్. జ్వాల ఎడమ అంచున ఉంది. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది మాస్టారే. మస్తాన్ కళ్లజోడు పెట్టుకుని మెట్లు దిగిపోయాడు. మళ్లీ ఆ మేడ ఎక్కలేదు.

ఆరేళ్ల తర్వాత మాస్టారికి శుక్లాల ఆపరేషన్ అయింది. కోలుకుని మేడెక్కి చూస్తే ఆయనకూ జ్వాలలు కనిపించలేదు. ఫిల్టరు పాడైందని వారం రోజులు దాన్ని తిట్టుకున్నారు. చివరికి టేపు పీకి మరను అరచుట్టు తిప్పేసరికి, అంచున మంట నిలువునా లేచి ఉంది. దాన్ని చూస్తూ నిలబడలేకపోయారు. ఉన్నపళంగా మస్తాన్ ఇంటికి వెళ్లారు.

మస్తాన్ వసారాలో కూర్చుని ఉన్నాడు. నీటికాసుల జబ్బుతో రెండు కళ్లూ పోయి అప్పటికి ఏడాదైంది. ఒకే ఊళ్లో ఉండి కూడా ఆ సంగతి మాస్టారు కనుక్కోలేదు. 

"తప్పు నీ చూపుది కాదు మస్తాన్. ఫోకస్ నీ కంటికి తిప్పాల్సింది. నేను తిప్పనివ్వలేదు" అన్నారట మాస్టారు, అతని చేతులు పట్టుకుని.

మస్తాన్ మాస్టారి చేతుల్ని తడిమి, మెల్లగా తట్టాడు. "బాధపడమాకండి మాస్టారూ. ఆ రోజు నాకు నిజంగానే కనపడింది. ఏ వైపో చెప్పడంలోనే పొరపాటు పడ్డా."

 మాస్టారు హైమవతి వైపు తిరిగారు.

"మొదటి అబద్ధం నా ముందు సిగ్గుపడి ఆడాడు. రెండోది నా మీద జాలిపడి ఆడాడు. ఆ పిల్ల ఇంకా మొదటిదాని దగ్గరే ఉందమ్మా."