అచ్చియ్యమ్మ కడవ

ఊఁ కొట్టే నోరుంటేనే ఈ కథ నడుస్తుంది. ఊఁ కొట్టండి.

చెరకు మనిషికి రెండింతలు పెరిగే సీమ ఒకటుండేది. ఎప్పటి మాటని అడిగితే చెప్పలేను. మీ తాతకు తాత అప్పటికి ఉయ్యాలలో ఉన్నాడో లేదో. ఆ సీమలో ఒక గానుగసాల. గానుగసాలలో ఒక పెద్ద పెనం. పెనం కింద ఒక పొయ్యి. పొయ్యి ముందు ఒక మనిషి.

ఆ మనిషి పేరు అచ్చియ్యమ్మ.

గానుగలో చెరకు ఆడితే రసం ఒకవైపు, పిప్పి ఒకవైపు. రసం పెనంలోకి పోతుంది. ఎండిన పిప్పి పొయ్యిలోకి పోతుంది. తెల్లారింది మొదలు పొద్దుగూకేదాకా ఆ పిప్పిని పొయ్యిలోకి ఎగదోయడమే అచ్చియ్యమ్మ పని. బెల్లం తిన్నవాళ్ళు చెరకును పొగిడారు. వంటగాణ్ణి పొగిడారు. గానుగ ఆసామిని పొగిడారు. పొయ్యి ముందు మనిషిని ఎవరూ చూడనే లేదు. తీపి ఒకరి నోటికి, సెగ ఒకరి ఒంటికి. లోకం అలా పంచి పెట్టింది. పంచిందెవరని అడిగినవాడు లేడు.

ఆ సీమలో ఒక కట్టుబాటు ఉండేది. పెనం మీద పాకం ఉన్నంతసేపూ పొయ్యి మనిషి నీళ్ళు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే బెల్లం అచ్చు కట్టదట. దాహమైతే నోరు తెరిచి కూర్చోవాలి. ఎవరో ఒకరు జాలిపడి పైనుంచి పోయాలి. బావి పక్కన రాతి తొట్టి ఉండేది. గానుగ ఎడ్లు అందులో మూతిపెట్టి కడుపునిండా తాగేవి. అచ్చియ్యమ్మ మాత్రం వేలు కూడా ముంచకూడదు.

ఇంకో అలవాటు కూడా ఉండేది. మరిగే రసంలో గుప్పెడు సున్నం వేస్తే మురికంతా పైకి తేలుతుంది. అంచేత ఒళ్ళు కాలినా అదే సున్నం పూసేవాళ్ళు. రసంలో మురికిని లాగే సున్నం ఒంట్లో మంటను లాగదా అనేవాళ్ళు. వినడానికి బాగుండేది.

అచ్చియ్యమ్మకు మూడుసార్లు చెయ్యి కాలింది. మొదటిసారి చిన్నప్పుడు. సున్నం పూశారు. రెండు వేళ్ళు అరచేతికి అతుక్కుపోయాయి. రెండోసారి గానుగసాలకు దూరంగా, కాలవ గట్టున. సున్నం లేదు, చుట్టూ మనిషి లేడు. చెయ్యి పారే నీళ్ళలో పెట్టుకుని చాలాసేపు ఏడుస్తూ కూర్చుంది. ఆసారి కాలినచోట నున్నగా మానింది. మూడోసారి మళ్ళీ గానుగసాలలోనే. మళ్ళీ సున్నమే. సున్నంతోపాటు చర్మమూ ఊడింది.

మూడుసార్లు కాలితే ఆమెకు తెలిసింది. తెలిసినదాన్ని ఎవరితో చెప్పాలి? పొయ్యి మనిషిని అడిగేదెవరు?

ఊఁ కొడుతున్నారా?

ఆ గానుగసాల వంటగాడు దాలయ్య. అతని భార్య సూరమ్మ చేలో చెరకు కొట్టేది. వాళ్ళ కూతురు వరాలు నాలుగేళ్ళ గుంట. రోజూ పెనం దగ్గరికి వచ్చి చేతిలో ఆకు పట్టుకుని నిలబడేది. దాలయ్య ఆ ఆకులో చుక్క పాకం వేసి, చల్లారాక ఇచ్చేవాడు. ఆ రోజు పాకం ముదురుతోంది. దాలయ్య గరిటెను పెనం అంచున అడ్డంగా పెట్టి, అచ్చులు చూడడానికి అటు తిరిగాడు. వరాలు వచ్చింది. ఆకు పట్టుకుని నిలబడింది. నాన్న చూడలేదు. తనే చెయ్యి చాచి గరిటె పట్టుకు లాగింది.

గరిటెడు పాకం భుజం నుంచి వేళ్ళ దాకా పడింది.

ఆ అరుపుకు తిరుగుతున్న గానుగెడ్లు ఆగిపోయాయి.

దాలయ్య సున్నం పిడత కోసం పరిగెత్తాడు. ఆసామి జోగినాయుడు మంచం మీంచి లేచాడు. అచ్చియ్యమ్మ చేతిలో పిప్పి కింద పడేసింది. ఒక్క ఉరుకులో వచ్చి గుంటను ఎత్తుకుంది. బావి దగ్గరికి పరిగెత్తింది.

బావి గట్టు మీద ఒక కడవ ఉంది. ఆసామి తాగడానికి నింపిన కడవ. అచ్చియ్యమ్మ దాన్ని ఎత్తింది. ఆ నల్లటి, వంకర వేళ్ళ చేతులతో ఎత్తింది. వరాలు చేతి మీద ధారగా పోసింది.

గానుగసాలంతా నోరు తెరిచి చూసింది.

మొదట ఆసామి వచ్చాడు.

"ఏటే ఇది? పెనం మీద పాకం ఉంది. నీళ్ళు ముట్టుకున్నావు."

"ముట్టుకున్నాను బాబూ."

"బెల్లం పోతాది."

"పోతే మళ్ళీ వండుకోవచ్చు. గుంట చెయ్యి మళ్ళీ వండలేం. ముందు నీళ్ళు బాబూ. మాటలు తర్వాత."

కడవ ఖాళీ అయింది. అచ్చియ్యమ్మ బొక్కెన బావిలోకి దించింది.

తర్వాత దాలయ్య వచ్చాడు. ఒక చేతిలో సున్నం పిడత. రెండో చెయ్యి కూతురి కోసం చాచాడు.

"పక్కకు జరగవే. సున్నం పుయ్యాలి. మంట లాగాలి."

అచ్చియ్యమ్మ తన చెయ్యి అతని మొహం ముందు పెట్టింది. అరచేతికి అతుక్కుపోయిన రెండు వేళ్ళు.

"ఇది సున్నం లాగిన చెయ్యి. మీ అయ్యే పూశాడు, దాలయ్యా. నీ కూతురికీ ఇలాంటి చెయ్యే కావాలా?"

దాలయ్య ఆ చేతిని రోజూ చూస్తూనే ఉన్నాడు. ఆ రోజే చూశాడు.

"పాకం అంటుకుపోయిందే. పీకెయ్యొద్దా?"

"పీకొద్దు. పీకితే చర్మం వస్తాది. నీళ్ళే కరిగిస్తాయి. ముందు నీళ్ళు. మాటలు తర్వాత."

"తండ్రివై చూస్తావేటిరా?" అన్నాడు వెనక నుంచి ఆసామి. "లాక్కో పిల్లని."

దాలయ్య ఆసామిని చూశాడు. కూతురిని చూశాడు. కదల్లేకపోయాడు.

ఆఖర్న సూరమ్మ వచ్చింది. అరుపు చేలోకి వినబడింది. చెరకు కొట్టే కత్తి చేతిలోనే ఉంది. కాళ్ళనిండా బురద. జనం దారి ఇచ్చారు. కన్నతల్లి కదా, ఇప్పుడు ఈ పొయ్యిదాని పని అయిపోయింది అనుకున్నారు. సూరమ్మ కూతురిని చూసింది. భుజం నుంచి వేళ్ళ దాకా చూసింది. నీళ్ళు చూసింది. నీళ్ళు పోస్తున్న చేతులను చూసింది. కత్తి కింద పడేసింది.

"ఏటి సెయ్యమంటావప్పా?" అంది, సొంత అక్కను అడిగినట్టు.

"తోడు."

సూరమ్మ చేంతాడు అందుకుంది. ఒకామె తోడింది. ఒకామె పోసింది. ఒక బొక్కెన. ఇంకో బొక్కెన. మరింకో బొక్కెన. వరాలు అరిచి అరిచి వెక్కిళ్ళలోకి దిగింది. పెదాలు వణికాయి.

"చలి," అంది.

అచ్చియ్యమ్మ తన తలగుడ్డ విప్పి గుంట ఒంటికి చుట్టింది, కాలిన చెయ్యి మాత్రం బయట ఉంచింది. నీళ్ళు మాత్రం ఆపలేదు.

"ఎంతసేపప్పా?"

"మంట నీళ్ళకన్నా మొండిది. అది అలిసేదాకా."

పెనం వైపు ఎవరూ చూడలేదు. పొయ్యిలో పిప్పి వేసే చెయ్యి లేదు. మంట తగ్గింది. పాకం ముదరకుండా నిలిచిపోయింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. దీంతో మళ్ళీ పని ఉంది.

చాలాసేపటికి అచ్చియ్యమ్మ నీళ్ళు ఆపింది. లేత అరిటాకు కోయించి కడిగించింది. కాలిన చేతి మీద మెత్తగా కప్పింది.

"ఇంక వైద్యుడి దగ్గరికి. ఏరు దాటాలి."

"బండి ఇవ్వండి బాబూ," అన్నాడు దాలయ్య.

"బండిలో బెల్లం ఉంది," అన్నాడు ఆసామి.

దాలయ్య చేతిలో సున్నం పిడత ఇంకా ఉంది. దాన్ని నేలకేసి కొట్టాడు. గుంటను ఎత్తుకున్నాడు. ముగ్గురూ నడిచారు. చెరకు తోటలు దాటారు. ఇసక దాటారు. ఏట్లో నడుంలోతు నీళ్ళు. దాలయ్య కూతురిని తల మీదికి ఎత్తుకున్నాడు. సూరమ్మ అరిటాకు కదలకుండా పట్టుకుంది. ఏటి మధ్యలో వరాలు కళ్ళు మూతలు పడ్డాయి.

"వరాలూ, మీ గానుగెడ్లు ఎన్నే?" అంది అచ్చియ్యమ్మ.

జవాబు లేదు.

"వరాలూ, ఎడ్లు ఎన్నే?"

జవాబు లేదు. సూరమ్మ చెయ్యి ఆకు మీద బిగుసుకుంది.

"వరాలూ. ఒక ఎద్దేనా?"

"రెండు," అంది వరాలు. కళ్ళు తెరవకుండానే విసుక్కుంది. "నీకు లెక్క రాదా అత్తా?"

"రాదు. నువ్వే చెప్పాలి. గట్టు చేరేదాకా చెప్తూనే ఉండాలి."

గట్టు చేరారు. వైద్యుడు ముసలాయన. అరిటాకు ఎత్తి చూశాడు. వేళ్ళు ఒక్కొక్కటే వంచి చూశాడు.

"నీళ్ళు పోసిందెవరు?"

ముగ్గురూ తల దించుకున్నారు. తప్పు బయటపడిందనుకున్నారు.

"నేనే బాబూ," అంది అచ్చియ్యమ్మ.

"సున్నం పూసినవాళ్ళు నా దగ్గరికి వారానికొకరు వస్తారు," అన్నాడు వైద్యుడు. "ఆ చేతులకు నేను చెయ్యగలిగింది లేదు. ఈ చెయ్యి బతుకుతుంది."

సూరమ్మ అక్కడే కూలబడింది.

మూడు వారాలు వాళ్ళు ఆ గట్టునే ఉన్నారు. తిరిగి వచ్చేసరికి ఊళ్ళో తీర్పు అయిపోయింది. ఆ రోజు పెనంలో బెల్లం అచ్చు కట్టలేదు. జిగురుగా నిలిచిపోయింది. చూశారా, పొయ్యి మనిషి నీళ్ళు ముట్టుకుంది, బెల్లం పోయింది అన్నారు. పొయ్యిలో పిప్పి వేసే చెయ్యి లేక మంట ఆరితే పాకం ఎలా ముదురుతుందని ఒక్కరూ అడగలేదు. ఆ చెయ్యి లేకపోతే బెల్లమే లేదని ఒప్పుకున్నట్టవుతుంది కదా. దానికన్నా, ఆ చెయ్యి నీళ్ళు ముట్టుకుంటే పాపమనడం సుళువు.

అచ్చియ్యమ్మను గానుగసాలలోంచి గెంటేశారు. దాలయ్య అడ్డం పడ్డాడు. అతన్నీ గెంటేశారు. అచ్చియ్యమ్మ పని కోసం మొదటి ఊరి గానుగకు వెళ్ళింది. బెల్లం పోగొట్టినదానివి నువ్వేగా అన్నారు. రెండో ఊరికి వెళ్ళింది. నువ్వేగా అన్నారు. మూడో ఊళ్ళో కాలవలో పూడిక తీసే పని దొరికింది. కొన్నేళ్ళకు ఒక ఎండాకాలం జ్వరంతో మంచం పట్టింది. దాహమంది. కబురు తెలిసి వరాలు వచ్చేసరికి ఆమె లేదు. ఆఖరి నీళ్ళు కూడా పైనుంచే పోశారని పక్కింటివాళ్ళు చెప్పారు.

వరాలు అప్పటికి చెరకు కొట్టే వయసు. ఏడవలేదు.

కార్తీకంలో జోగినాయుడి గానుగ మళ్ళీ మొదలైంది. ఊరంతా చేరింది. వరాలు బావికి వెళ్ళి కడవ నింపింది. తెచ్చి పెనం పక్కన, పొయ్యి ముందు పెట్టింది.

"ఎవరికా నీళ్ళు?" అన్నాడు జోగినాయుడు. ముసలివాడైపోయాడు, గొంతు మాత్రం మారలేదు.

"కాలినవాళ్ళకు."

"తియ్యవే. పాకం పోతాది."

వరాలు రెండు చేతులూ ఎత్తింది. భుజం నుంచి వేళ్ళ దాకా ఒకదానిమీద మచ్చలు. కానీ వేళ్ళు ఐదూ విడివిడిగా విచ్చుకున్నాయి. ఆ ఊళ్ళో సున్నం చేతులవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళు తమ చేతులు చూసుకున్నారు. వరాలు చెయ్యి చూశారు. ఒకామె జనంలోంచి వచ్చి కడవ పక్కన కూర్చుంది. తర్వాత ఇంకొకామె. తర్వాత దాలయ్య.

"కడవ తీస్తే పొయ్యి అంటుకోదు," అంది వరాలు.

ఆ రోజు మధ్యాహ్నం దాకా పొయ్యి అంటుకోలేదు. గానుగ పక్కన చెరకు ఎండుతోంది. ఆసామి లేచి ఇంటికి వెళ్ళిపోయాడు. కడవ అక్కడే ఉంది. పొయ్యి అంటుకుంది. నీళ్ళ కడవ పక్కనే పాకం ముదిరింది. బెల్లం అచ్చు కట్టింది.

అప్పటినుంచి ఆ సీమలో కడవ పెట్టకుండా పొయ్యి వెలిగించరు. దాన్ని నింపాల్సింది పొయ్యి మనిషే. దాన్ని అచ్చియ్యమ్మ కడవ అంటారు. పిల్లలకు దెబ్బ తగిలి, పెద్దవాళ్ళు తప్పు నీదంటే నీదని తగువులాడుకుంటుంటే, ఎవరో ఒక ముసలామె అంటుంది: "ముందు నీళ్ళు. మాటలు తర్వాత."

ఆ కడవలో నీళ్ళు ఎవరూ తాగరు. సాయంత్రం పెనం దిగాక కడవలోకి తొంగి చూస్తారు. నీళ్ళు పోసింది పోసినట్టే ఉంటే, ఆ రోజు మంచి రోజు అంటారు. అప్పుడు గానుగ ఆసామి ఎవరైనా సరే, వచ్చి ఆ కడవ వంచాలి. పొయ్యి మనిషి చేతులు చాస్తుంది. ఆ చేతుల మసి వదిలి శుభ్రపడేదాకా అతను నీళ్ళు పోస్తూనే ఉండాలి.

ఊఁ కొట్టింది చాలు. వెళ్ళి కడవ నిండుగా ఉందో లేదో చూసి రండి.