కుండీ బరువు

తిరువెంగళమ్మ గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులు ఏదైనా సందేహం అడిగితే ఆమె అప్పటికప్పుడు జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాణ్ణి వెంటబెట్టుకుని, చేతిలో ఉన్న పనిలోకి దించేవారు. అది కషాయం కాచడం కావచ్చు, రోగి పక్కబట్టలు మార్చడం కావచ్చు. కొందరికి పని మధ్యలో జవాబు దొరికేది. కొందరు మాత్రం అమ్మ తమ ప్రశ్న మరిచిపోయారనుకుని, మనసులో నొచ్చుకుని వెళ్లిపోయేవారు.

మదనపల్లె దాటి కొండ ఎక్కే దారిలో ఆమె శుశ్రూషాలయం ఉండేది. ఇక నయం కాదని పెద్దాసుపత్రులు పంపేసినవాళ్లు, మిగిలిన రోజులు నొప్పి లేకుండా గడపడానికి అక్కడికి వచ్చేవారు. నొప్పి తగ్గించే మందు మీద పరిశోధన కోసం ఆవరణ వెనక ఒక గదిలో కాసిని గంజాయి మొక్కలు పెంచుకోవడానికి ఆమె ప్రభుత్వం దగ్గర అనుమతి తీసుకున్నారు. పాత వైద్యుల వాడుకలో ఆ మొక్క పేరు విజయ. ఆమె కూడా అలాగే పిలిచేవారు. ఆ గదికి ఇనుప తలుపు, తలుపుకు తాళాలు. లోపల ఎండకు బదులు దీపాలు, గాలికి బదులు ఒక చిన్న ఫ్యాను.

శిష్యుల్లో నరహరి అనే యువ వైద్యుడికి అబద్ధమంటే గిట్టదు. దానికి కారణం లేకపోలేదు. అతని తండ్రి జబ్బుపడ్డప్పుడు అది పుండేననీ, మానిపోతుందనీ ఇంటిల్లిపాదీ కలిసి నమ్మించారు. ఆయన చివరి రోజున కూడా వచ్చే ఏడు వేయబోయే టమాటా తోట గురించే మాట్లాడాడు. మంచం చుట్టూ ఉన్నవాళ్లంతా అవునవునని తలలూపారు. ఆయనకు చెప్పుకోవలసిన మాటలు ఇంకేమైనా ఉండేవేమో ఎవరికీ తెలియదు. ఏ రోగికీ నిజం దాచనని నరహరి ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు.

ఆ ఏడు ఓబులేసు అనే ఆర్టీసీ డ్రైవరు అక్కడికి చేరాడు. ఘాట్ రోడ్డు మీద బస్సు నడిపి నడిపి భుజాలు గట్టిపడ్డ మనిషి. ఇప్పుడు ఆ భుజాల ఎముకలు చొక్కాలోంచి కనిపిస్తున్నాయి. కడుపులో పుట్టిన రాచపుండు వెన్నుదాకా పాకింది. అతని భార్య గంగులమ్మ నరహరిని వరండాలోనే నిలేసింది.

"సార్, మీకు దండం పెడతా. ఆయనకేం చెప్పబాకండి. పుండు మానిపోతాదని చెప్పండి, అంతే."

సరిగ్గా ఆ మాటే నరహరి తన తండ్రి మంచం దగ్గర విన్నాడు. అతను తల ఊపకుండానే లోపలికి నడిచాడు. ఆ మధ్యాహ్నం ఆమె బట్టలు ఉతకడానికి వెళ్లిన సమయం చూసి, ఓబులేసు గది తలుపు దగ్గరగా వేసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. స్కానులో కనిపించినదంతా చెప్పాడు. పుండు ఎక్కడ పుట్టిందో, ఎక్కడెక్కడికి పాకిందో, ఆపరేషను ఎందుకు కుదరదో, ఎన్నాళ్లు మిగిలి ఉండవచ్చో, ఏదీ వదలకుండా, ఏదీ మెత్తబరచకుండా చెప్పాడు. గొంతులో దయ ఉంది. మాటల్లో తప్పు లేదు.

ఓబులేసు చివరిదాకా విని "సరే సార్" అన్నాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ తిరగడం తిరగడం మళ్లీ ఇటు తిరగలేదు. జావ పెడితే రెండు గుక్కలకే మూతి బిగించాడు. నొప్పి మందు ఇస్తే దిండు పక్కకు తోసేశాడు. సంగతి తెలిసిన గంగులమ్మ ఏడవలేదు, అరవలేదు. నరహరి ఎదురుపడ్డప్పుడు పక్కకు తప్పుకుంటూ, "జబ్బు ఎప్పుడు సంపేదో గానీ, మీరు ముందే సంపేసినారు సార్" అంది.

ఆ మాట అన్నంలో రాయిలా తగిలింది నరహరికి. ఆ పొద్దే తిరువెంగళమ్మ గారి దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, రోగికి అబద్ధం చెప్పనని ఒట్టు పెట్టుకున్నాను. నిజం చెప్తే మనిషి కూలిపోయాడు. మరి రోగికి ఏం చెప్పాలి?"

ఆమె కొంగుకు కట్టిన తాళాలు విప్పుతూ, "విజయ నారు కప్పుల్లోంచి కుండీల్లోకి మార్చాలి. రా నాయనా" అన్నారు.

గదిలో కాగితం కప్పుల్లో పసిమొక్కలు జానెడు కూడా లేవు. బల్ల కింద చిన్నవీ పెద్దవీ మట్టి కుండీలు, ఒక మూల బక్కెట్లో ఎరువు కోసం వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్లు ఉన్నాయి. "నీ చేతుల మీదుగా పెంచు. నేను నాలుగు రోజులు మదనపల్లెలో ఉంటాను" అని చెప్పి, తాళాలు అతని చేతిలో పెట్టి ఆమె వెళ్లిపోయారు.

నరహరికి తన ప్రశ్న గాల్లోనే ఉండిపోయిందని బాధ కలిగింది. అయినా అప్పగించిన పనిలో లోటు రానివ్వకూడదనుకున్నాడు. వేళ్లకు చోటు కావాలి కదా అని పెద్ద కుండీలే ఏరుకున్నాడు. ఎర్రమన్నూ కొబ్బరిపొట్టూ కలిపి నింపి, మొక్కలు నాటి, అడుగునుంచి కారేదాకా నీళ్లు పోశాడు. బలం రావాలని చెక్క నీళ్లు చిక్కగా ఉన్నవి ఉన్నట్టే గ్లాసుడేసి పోశాడు. మర్నాడు మొక్కలు తలలు వేలాడేశాయి. దాహమనుకుని మళ్లీ పోశాడు. ఆకుల కొసలు నిప్పు సోకినట్టు మాడాయి. ఆకలనుకుని మళ్లీ చెక్క నీళ్లు పట్టాడు. తిరువెంగళమ్మ గారు తిరిగొచ్చేసరికి సగానికి పైగా మొక్కలు మట్టి మీద ఒరిగిపోయి ఉన్నాయి.

ఆమె ఒక కుండీ వంచి, మొక్కను పిడచతో సహా బయటికి తీశారు. చుట్టూ బురద. నడుమ కప్పులో ఉన్నప్పటి చిన్న వేరుముద్ద అలాగే ఉంది. దాని వేళ్లు గోధుమరంగుకు తిరిగి, వేలితో తాకితే తెగుతున్నాయి.

"ఏం పోశావు?"

"నీళ్లేనమ్మా."

"ఇంకా?"

"చెక్క నీళ్లు. పెద్ద మొక్కలకు మనం పోసేవే."

"మంచివే పోశావు" అన్నారామె. ఆ గొంతులో ఎగతాళి లేదు.

నరహరికి ముఖం మీద ఎవరో చన్నీళ్లు చల్లినట్టయింది. నెమ్మదిగా అడిగాడు. "అయితే ఓబులేసుకు అసలు చెప్పకుండా ఉండాల్సిందా అమ్మా?"

ఆమె గది నలుమూలలా చూశారు. తలుపు చాటున, నరహరి కంటపడకుండా మిగిలిపోయిన కప్పు ఒకటి ఉంది. తీసి అతని చేతిలో పెట్టారు. అది ఈకలా తేలిపోయింది. ఆకులు ముడుచుకుపోయాయి. కప్పు చింపి చూస్తే, తెల్లటి వేళ్లు దారి దొరక్క అడుగున చుట్టలు చుట్టలుగా తిరిగి, చివరికి ఒకదాన్నొకటి పెనవేసుకున్నాయి. అతనికి ఎందుకో తండ్రి చేతివేళ్లు గుర్తొచ్చాయి. చివరి రోజున దుప్పటి అంచును అలాగే వెతుక్కున్నాయి అవి.

"దీనికి ఎవరూ హాని చేయలేదు" అన్నారు తిరువెంగళమ్మ గారు. తర్వాత ఒక చిన్న కుండీ అతని ముందుకు జరిపారు. "దీన్ని ఇందులో పెట్టు. ఇవాళ కాస్త తడుపు. రేపట్నుంచి పోసే ముందు ఎత్తి చూడు."

చేతులకంటిన బురద దులుపుకుని ఆమె బయటికి నడిచారు.

నరహరి బతికున్న మొక్కలను చిన్న కుండీల్లోకి మార్చాడు. రోజూ పొద్దున్నే చెంబు కింద పెట్టి, ఒక్కో కుండీనీ రెండు చేతులతో ఎత్తేవాడు. మొదట్లో అన్నీ ఒకే బరువు అనిపించాయి. పోనుపోను చేతులకు తేడా తెలిసింది. ఇది నిన్నటి నీళ్లింకా మోస్తోంది, దీనికి ఇవాళ అక్కర్లేదు. ఇది తేలికపడింది, అడుగుతోంది. చెక్క నీళ్లు కూడా ఇప్పుడు అంబలి మీది తేటలా పల్చబరిచి, కొత్త ఆకు విప్పిన మొక్కకు మాత్రమే పోస్తున్నాడు. కొన్ని పొద్దుల్లో చెంబు నిండుగా తెచ్చి, నిండుగానే తీసుకెళ్లేవాడు. మొదట్లో అదేదో పని ఎగ్గొట్టినట్టు ఉండేది.

ఒక ఉదయం గది తాళం వేశాక, అతను తిన్నగా ఓబులేసు దగ్గరికి వెళ్లాడు. స్కాను కాగితాలు తీసుకెళ్లలేదు, మందు తీసుకెళ్లలేదు. గంగులమ్మ లేచి బయటికి వెళ్లబోతే, "ఉండమ్మా" అన్నాడు. కుర్చీలో కూర్చున్నాడు. గోడవైపు తిరిగిన ఆ వీపు ఊపిరికి కదులుతుంటే చూస్తూ కూర్చున్నాడు. ఓదార్పు మాటలు ఎన్నో నోటిదాకా వచ్చాయి. ఒక్కొక్కటే మింగాడు.

చాలాసేపటికి ఓబులేసే, ఇటు తిరక్కుండానే, "ఏం సార్, ఇంకా ఏమన్నా ఉండాదా చెప్పాల్సింది?" అన్నాడు.

"లేదు. నువ్వేమన్నా అడుగుతావేమోనని వచ్చాను."

ఆ మనిషి మోచేతి మీద ఆనుకుని మెల్లగా ఇటు దొర్లాడు. కళ్లు లోతుకు పోయాయి. గంగులమ్మ వైపు ఒక్కసారి చూసి, చూపు దించుకున్నాడు.

"ఆ పొద్దు నువ్వు చానా చెప్పినావు సార్. ఎన్నాళ్లనేది నాకు ముందే తెలుసు. బస్సు ఎప్పుడు ఆగిపోతాదో డ్రైవరుకు తెల్దా? నాకు కావాల్సింది అది గాదు." గొంతు సవరించుకున్నాడు. "మా నాయన ఇదే జబ్బుతో పోయినాడు. అరిచి అరిచి పోయినాడు. వీధి చివరిదాకా ఇనపడేది. నేనూ అట్లనే అరుస్తానా సార్? ఈమె ముందర?"

నరహరి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. అన్ని వివరాలు చెప్పినవాడు ఈ ఒక్క సంగతి తలచనే లేదు.

"అరవవు" అన్నాడు. "మీ నాయన కాలంలో లేని మందులు ఇప్పుడున్నాయి. నొప్పి పెరుగుతుంది. పెరిగినప్పుడల్లా మందు పెంచుతాం. నిద్ర ఎక్కువవుతుంది, మాట తగ్గుతుంది. అరిచే పరిస్థితి మాత్రం రానివ్వం. నువ్వు మందు తోసేయకుండా ఉంటే."

"నిజంగానా?"

"నిజం."

ఓబులేసు కళ్లు మూసుకున్నాడు. కణతల పక్కనుంచి నీళ్లు దిండులోకి జారాయి. గంగులమ్మ దగ్గరికొచ్చి మంచం మీద కూర్చుని, కొంగుతో అతని మొహం తుడిచింది. "ఇందుకేనా, ఇన్ని దినాలూ గోడపక్క తిరుక్కోని పండుకున్నావు?" అంది. తిట్టినట్టే అంది గానీ, ఆ చేతిని వదల్లేదు. కాసేపటికి అతను మందు అడిగి వేసుకున్నాడు. జావ గిన్నెలో సగం తాగాడు.

నరహరి బయటికొచ్చేసరికి తిరువెంగళమ్మ గారు విజయ గది గుమ్మంలో కూర్చుని, చచ్చిన మొక్కల మట్టిని చేత్తో చిదిపి ఎండబెడుతున్నారు. అతను జరిగింది జరిగినట్టు చెప్పాడు. చెప్పి, ఒక్క క్షణం ఆగి, "అడిగినంతే చెప్పానమ్మా. ఇంకేమీ అడగలేదు" అన్నాడు. ఆ గొంతులో ఒక పెద్ద పని ముగిసిన తేలిక వినిపించింది.

ఆమె తలెత్తకుండానే మట్టిగడ్డ చిదుపుతూ అన్నారు.

"రేపు అడుగుతాడు. ఆ కుర్చీ అక్కణ్ణుంచి తీయకు."