సందెచుక్క వంతు

కార్తీక బహుళ తదియ, గురువారం. పొద్దున మంచు, మధ్యాహ్నం పలచని ఎండ, సాయంత్రానికి తోమిన పళ్లెంలాంటి ఆకాశం. ఏ సంవత్సరమని మాత్రం అడక్కండి. తిథిని నోళ్లు మోశాయి, సంవత్సరాన్ని కాలం మింగింది.

ఆ రోజు నల్లగుట్టపాడులో చెరువు నీళ్లకు వంతులు కట్టారు. దీపాల వేళ నుంచి పడమట సందెచుక్క కుంకేదాకా కాలవ చివరనున్న నాగులమ్మ మడికి. చుక్క కుంకాక తెల్లారేదాకా కొండప్ప మళ్లకు. పగలు మిగతా ఊరికి. దోసిట నీళ్లు పట్టి అందరూ ఒట్టేశారు.

వంతు ప్రకారం కాలవకు గండి కొట్టేవాడు, పూడ్చేవాడు నడిపెన్న. ఊరి నీరుగట్టి. సొంతానికి కుంట భూమి లేదు.

మొదటి నెల చుక్క ఎత్తున నిలిచింది, మడి నిండింది. రెండో నెల చుక్క కిందికి జారింది, మడి సగమే తడిసింది. మూడో నెల దీపం పెట్టేలోగానే చుక్క కుంకింది, మడి నెర్రెలు విచ్చింది. వరి పొట్టమీద ఉంది. అది పోతే నాగులమ్మ ఇంట ఏడాది గింజలు లేవు.

ఒకనాడు చుక్క అసలే కనబడలేదు.

నాగులమ్మ వెళ్లి కొండప్పను నీళ్లు అడిగింది. కొండప్ప చెడ్డవాడు కాదు, చీమను తొక్కడు. మాట తప్పడు, అదీ చిక్కు.

“చుక్కేదీ వదినా? ఒట్టు ఒట్టే,” అన్నాడు.

మర్నాడు అడిగితే అదే మాట. మూడోనాడు నడిపెన్న అడిగాడు. అతనికీ అదే మాట.

ఆ ఏడాది తోకచుక్క కూడా వచ్చింది. చంద్రగ్రహణమూ పట్టింది. పళ్లెంలో రోకలి నిలబెట్టి ఊరంతా వింత చూసింది. అదంతా వేరే కథ, ఎటో పోతున్నాను. పోయిన చుక్కను వెతికినవాడు మాత్రం నడిపెన్న ఒక్కడే. గండి పూడ్చిన ప్రతిసారీ తానే ఆ పైరు గొంతు నొక్కుతున్నట్టుండేది అతనికి.

తొమ్మిదోనాటి తెల్లవారుజామున తూర్పున వేగుచుక్క మెరిసింది. అదే తెలుపు, అదే వెలుగు. నడిపెన్న పరుగున పోయి కొండప్పను లేపాడు.

“చుక్క వచ్చింది కొండప్పయ్యా.”

“అది వేగుచుక్కరా. దానికీ సందెచుక్కకూ చుట్టరికమేమిటి?”

“రెండూ ఒక్కనాడు చూశావా అయ్యా, ఎప్పుడైనా? పడని అత్తాకోడళ్లయినా ఏడాదికోసారి ఎదురుపడతారే.”

ఇరుగుపొరుగు నవ్వారు. కొండప్ప నవ్వలేదు. తలపాగా చుట్టుకుంటూ పుట్టి బుద్ధెరిగాక చూసిన సాయంత్రాలన్నీ, తెల్లవారుజాములన్నీ తిరగేశాడు. రెండూ కనబడిన రోజు ఒక్కటీ దొరకలేదు.

“ఒట్టు చుక్క మీద కదా. చుక్క పైనే ఉంది,” అని పార తానే అందుకుని నాగులమ్మ మడికి గండి కొట్టాడు. ఇక చుక్క ఉన్నంతసేపూ, పొద్దు పొడిచేదాకా, నీళ్లు ఆమెవే.

చుక్క రోజురోజుకూ ముందుగా పొడిచింది. నీళ్లు రోజురోజుకూ పెరిగాయి. మడి పండింది. నాగులమ్మ కొత్తబియ్యంతో పరమాన్నం వండి మొదటి ముద్ద నడిపెన్నకు పెట్టింది. రెండోది కొండప్పకు. ఆయన బెల్లం తక్కువైందన్నాడట.

ఇప్పటికీ అక్కడ చుక్క దాగిన రోజులను నడిపెన్న రాత్రులంటారు. ఆ రాత్రుల్లో ఎవరికీ వంతు లేదు. చివరి మడికే ముందు నీళ్లు.

నడిపెన్న పోయాక పార పెద్దకొడుక్కి, కంబళి చిన్నకొడుక్కి దక్కాయి. నీరుగట్టి పని కూతురు గంగికి ఇచ్చారు, తండ్రి కళ్లు దానికే వచ్చాయని. అల్లుడికేమీ రాలేదు. అతను దీపాలు పెట్టకముందే నిద్రపోతాడు.