మరుపుబండ మీద కూర్చున్న సామి

పల్నాడులో నాపరాయి క్వారీలు దాటి తంగేడుమెట్ల చేరిన యాత్రికులకు ముందుగా కనిపించేది మంచికాపరి యేసు దేవాలయం. లోపల బలిపీఠానికి ఎడమ పక్కన మోకాలెత్తు నల్లబండ ఒకటుంది. గుడి కట్టే రోజుల్లో మేస్త్రీ దాన్ని పగలగొట్టి తీసేద్దామంటే ఊరు ఊరంతా అడ్డం పడిందట. అందుకే నేలంతా చక్కగా పరిచిన నాపరాళ్ళు ఆ బండ దగ్గరికొచ్చేసరికి వంకరటింకరగా ఉంటాయి. దీన్నే మరుపుబండ అంటారు. పరీక్ష తప్పిన పిల్లలు, ఇంటర్వ్యూలో నోరు పెగలనివారు వచ్చి దీని మీద కాసేపు కూర్చుంటారు. హాల్ టికెట్లు దానికి తాకించి కళ్ళకద్దుకుంటారు. ఏడాదంతా పుస్తకం తెరవకుండా హాల్ టికెట్ ఒక్కటే పట్టుకొచ్చేవారికి మాత్రం ఈ బండ వల్ల ఒరిగేదేమీ లేదని ముందే మనవి చేస్తున్నాను.

పూర్వం ఇక్కడ గుడి లేదు. ఈ బండ, దాని పక్కన ఒక తాటాకు పందిరి, అంతే. తెల్లదొరల కాలంలో, మా ముత్తాతల తాతల నాటికి, ఈ ఊరి క్రైస్తవులకు గురువు లేక ఒక తరం గడిచిపోయింది. పిల్లలకు జ్ఞానస్నానాలు ఊళ్ళో జపాలు చెప్పించే ఉపదేశే ఇచ్చేవాడు. పెద్దవాళ్ళు గురువు చెవిలో తప్పులు ఒప్పుకొనే పాపసంకీర్తనం చెప్పుకోవడానికి దిక్కులేక, మనసులో బరువు మనసులోనే పెట్టుకొని కన్నుమూసేవారు. అటువంటి ఊరికి యేసుసభ సన్యాసులు క్లెమెంతు సామిని పంపించారు.

ఆయనది ఫ్రెంచి దేశంలో ఒక కొండ ఊరు. తండ్రి గొర్రెల కాపరి. పిల్లవాడి చురుకుదనం చూసి ఊరి గురువు యేసుసభ వారి బడిలో చేర్చాడు. చిన్న తరగతుల పిల్లలకు లాటిను చెప్పమంటే క్లెమెంతు కథలా చెప్పేవాడు. తీరా తానే పరీక్షకు నిలబడితే, ఎదుట కూర్చున్న పండితులను చూడగానే చెమటలు పట్టి చదివిందంతా ఆవిరైపోయేది. తత్వశాస్త్రం ఒకసారి తప్పాడు. ఓడెక్కి దక్షిణ దేశానికి వచ్చి చదివిన దైవశాస్త్రం బొటాబొటిగా గట్టెక్కించాడు. గురుపట్టమైతే దక్కింది. కానీ తెలుగులో ప్రసంగించడానికీ, పాపసంకీర్తనాలు వినడానికీ పెద్దగురువుల ముందు తెలుగు పరీక్షకు నిలబడాలి. అది కూడా తప్పాడు, పాపం.

తంగేడుమెట్లలో ఏడాది ఉండి భాష నేర్చుకోమనీ, ఈస్టరు వెళ్ళాక తామే వచ్చి మళ్ళీ పరీక్షిస్తామనీ పెద్దగురువులు చెప్పారు. ఈసారి తప్పితే ఓడెక్కి ఇంటికి పోవడమే. ఆయన పోతే ఈ ఊరికి ఇంకొకరిని పంపే మాట కూడా లేదన్నారు. వచ్చిన గురువు నిలుస్తాడో లేదోనని ఊరందరి ప్రాణం ఆ పరీక్ష మీదే ఉండిపోయింది.

ఆ రోజుల్లో ఆరోగ్యమ్మ అనే అవ్వ ఈ బండ చుట్టుపక్కల గొర్రెలు మేపేది. మహా వాదులాడే మనిషి. సామి రోజూ వచ్చి ఆమె పక్కన బండ మీద కూర్చొని, యేసు చెప్పిన తప్పిపోయిన గొర్రె కథ వచ్చీరాని తెలుగులో చెప్పేవాడు. తొంభైతొమ్మిదింటిని కొండ మీద వదిలేసి ఒక్కదాని కోసం పోయినవాడు కాపరే కాదని అవ్వ కొట్టిపారేసేది. ఆమెను ఒప్పించాలని సామికి పంతం. అలా వాదించీ వాదించీ ఆయన తెలుగు గడగడా పారడం మొదలైంది. నవ్వించేవాడు, ఎదురు ప్రశ్నలేసేవాడు, కోపమొస్తే పల్నాడు యాసలో విసుక్కునేవాడు కూడానట.

చెప్పిన ప్రకారం పెద్దగురువులు బండి దిగారు. పందిరి కింద ఊరంతా కూడింది. గొర్రె కథ మీదే ప్రసంగించమన్నారు. క్లెమెంతు సామి లేచి నిలబడ్డాడు. ఎదుట పెద్దగురువుల ముఖం చూశాడు. అంతే, నోట మాట రాలేదు. ఉపదేశి తల దించుకున్నాడు. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పెద్దగురువులు నిట్టూర్చి లేవబోయారు.

అప్పుడు బండ మీద నుంచి ఆరోగ్యమ్మ పిలిచింది.

"సామీ, నాకు మరుపొచ్చింది. ఆ గొర్రె కతలో కాపరి చివరాకరికి ఏం చేశాడు?"

సామి అటు తిరిగాడు. పెద్దగురువులకు వీపు పెట్టి నేరుగా వెళ్ళి అవ్వ పక్కన కూర్చున్నాడు. ముళ్ళకంపలో చిక్కుకున్న గొర్రె దగ్గర మొదలుపెట్టి, కాపరి దాన్ని భుజాన వేసుకొని ఇల్లు చేరేదాకా చెప్పాడు. పందిరి కింద కళ్ళు తుడుచుకోనివారు లేరు. పెద్దగురువులు మళ్ళీ కూర్చొని చివరిదాకా విన్నారు. ఇక అడగవలసిందేమీ లేదని అక్కడికక్కడే అనుమతి ఇచ్చారు.

ఆ సాయంత్రం సామి విన్న మొదటి పాపసంకీర్తనం ఆరోగ్యమ్మదే. మరుపొచ్చిందని అబద్ధమాడానని చెప్పుకుంది. ఈ సంగతి ఎలా తెలిసిందని యాత్రికులు అడుగుతుంటారు. పాపసంకీర్తనంలో విన్నది సామి ప్రాణం పోయినా బయటపెట్టడు. ఊరంతా చాటింది అవ్వే. ఏటేటా అదే రోజున అదే ప్రశ్న మళ్ళీ అడగాలన్నది ఆమెకు సామి విధించిన ప్రాయశ్చిత్తం. బతికినన్నాళ్ళూ అడిగింది. తరువాత ఊళ్ళో పెద్ద అవ్వలు ఒకరి వెనుక ఒకరు అందుకున్నారు. సామి కూడా ఇక్కడే పండి ముసలివాడై, ఈ గుడి వెనుకనే విశ్రమిస్తున్నాడు.

ఈస్టరు వెళ్ళాక వచ్చే ఆ రోజును మేము గొర్రెల ఆదివారం అంటాము. పూజలో ప్రసంగం వేళకు పెద్ద అవ్వ బండ మీద కూర్చొని మరుపొచ్చిందంటుంది. గురువుగారు దిగివచ్చి పక్కన కూర్చొని కథ చెప్పాలి. అది విన్నవారికి బెరుకు పోతుందని మా నమ్మకం. తప్పిన పరీక్షకు మళ్ళీ కూర్చొని గట్టెక్కినవారు వచ్చి, బండ మీదున్న మరొకరికి ఒక పాఠం చెప్పి మొక్కు తీర్చుకుంటారు.

నిరుడు ఆ వంతు యెరువ శౌరమ్మ అవ్వకు వచ్చింది. రెండేళ్ళుగా ఆమెకు నిజంగానే మరుపు. కన్నబిడ్డలను కూడా గుర్తుపట్టదు. బండ మీద కూర్చోబెట్టారు గానీ అడగవలసిన మాట రాలేదు. కొత్తగా వచ్చిన గురువుగారు పిలవకుండానే దిగివచ్చి, ఆమె చెయ్యి పట్టుకొని కథంతా చెప్పారు. చివరికొచ్చి, కాపరి ఏం చేశాడమ్మా అని మెల్లగా అడిగారు.

అవ్వ ఆయన ముఖంలోకి చూసింది.

"ఇంటికి తీసుకొచ్చాడు" అంది.

ఈ ఏడు కూడా బండ మీద కూర్చునేది ఆమే.