గుమ్మం పక్క కొక్కెం

ఉచితంగా కోటు ఇస్తానంటే వద్దన్న మనిషిని ఫైవెల్ గ్రున్ ఆ ఉదయమే మొదటిసారి చూశాడు. అతనికి ఒళ్ళు మండిపోయింది.

ఫైవెల్ పంతొమ్మిదేళ్ళ వయసులో లిథువేనియా నుంచి ఓడెక్కి, ఒంటి మీది చొక్కాతో మాంట్రియల్ రేవులో దిగిన యూదుడు. ఇప్పుడు యాభై దాటాయి. ఆ మంచు దేశంలో అతని కార్ఖానా కోటు లేని ఇల్లు అరుదు. సంపాదించిన దాంట్లో సగానికి పైగా ఆస్పత్రికీ, అనాథల బడికీ ధారపోశాడు. కోట్లు కుట్టే పని ఎక్కడ నేర్చుకున్నారని పత్రికలవాళ్ళు అడిగితే, చిరిగిన జేబొకటి కుట్టుకుంటూ నేర్చుకున్నానని నవ్వేసేవాడు. అంతకు మించి చెప్పేవాడు కాదు.

ప్రతి చలికాలం, తన పేరు చెక్కించిన పెద్ద హాల్లో, కొత్తగా ఓడ దిగిన పేదలకి తన చేత్తోనే కోట్లు తొడిగేవాడు. ఎదుటివాళ్ళ కళ్ళు చెమర్చడం చూస్తే అతనికి కడుపు నిండినట్టుండేది. మనిషన్నాక ఆపాటి ఆశ ఉంటుంది, తప్పు పట్టలేం.

ఆ ఏడు బూట్లు కుట్టే యాంకెల్ మాత్రం వరసలో నిలబడలేదు. గోనె కప్పుకుని, వణుకుతూ పనికి పోతున్నాడు. ఫైవెల్ కోటు పట్టుకుని వీధిలోకి వచ్చి అందరి ముందూ పిలిస్తే, తల వంచుకుని నడిచిపోయాడు.

ఫైవెల్ నేరుగా గురువు దగ్గరికి వెళ్ళాడు. యూదులు గురువుని రబ్బీ అంటారు. రబ్బీ అవిగ్దోర్‌కి ఎనభై దగ్గరపడ్డాయి. రేవు వెనక సందులో ఉన్న చిన్న ప్రార్థనామందిరమే ఆయన లోకం. ఫైవెల్ ఆయనకి ఏటా ఒక మంచి కోటు పంపేవాడు. ఆయన మాత్రం ఎప్పుడు చూసినా పాత శాలువాలోనే కనిపించేవాడు. ఎందుకని అడిగే ధైర్యం ఫైవెల్‌కి లేదు. ఆ మందిరానికి ఎప్పుడొచ్చినా పక్క తలుపులోంచే వచ్చేవాడు. అంత ఉన్నా ఎంత అణకువో అని జనం మురిసిపోయేవారు.

"వాడికింత పొగరేమిటి రబ్బీగారూ? ఈ చలికి చచ్చిపోతాడు" అన్నాడు ఫైవెల్.

రబ్బీ అతని ఒంటి మీది కోటు వైపు చూశాడు. రేపు పొద్దున ప్రార్థనకి నీకున్న వాటిల్లో వెచ్చటి కోటు వేసుకుని రమ్మన్నాడు. ముందు తలుపు దగ్గరికి రమ్మన్నాడు.

మర్నాడు ఫైవెల్ వచ్చాడు. గుమ్మం పక్కన, బయటి గోడకి, తుప్పు పట్టిన కొక్కెం ఒకటి ఉంది. దాన్ని చూడగానే అతను గుమ్మానికి రెండడుగుల దూరంలోనే ఆగిపోయాడు.

"కోటు విప్పి దానికి తగిలించు" అన్నాడు రబ్బీ. "మన పెద్దలు పంట కోసేటప్పుడు పొలంలో ఒక మూల కోయకుండా వదిలేవారు. లేనివాళ్ళు వచ్చి కోసుకునేవారు. ఎవరొచ్చారో పొలం గలాయన చూసేవాడు కాదు. మనకిక్కడ పొలాల్లేవు. ఈ కొక్కెం ఉంది."

ఇద్దరూ లోపల తలుపుకి వీపు పెట్టి కూర్చున్నారు. యాంకెల్ పనికి వెళ్ళేది ఆ సందులోంచే. ప్రార్థన మధ్యలో బయట మంచు మీద అడుగుల చప్పుడు వినిపించి, గుమ్మం దగ్గర ఆగింది. ఫైవెల్ మెడ తిప్పబోయాడు. రబ్బీ చెయ్యి అతని మోకాలి మీద పడింది. కాసేపటికి అడుగులు కదిలాయి. ఈసారి పరుగులాంటి నడక అది.

ప్రార్థన అయ్యాక బయటికొస్తే కొక్కెం ఖాళీగా ఉంది. ఫైవెల్ ఇక ఆపుకోలేకపోయాడు.

"నేను దొంగని రబ్బీగారూ" అన్నాడు.

ఓడ దిగిన మొదటి చలికాలం ఈ కొక్కేనికున్న కోటు ఎత్తుకుని పారిపోయానని చెప్పాడు. ఆ కోటు గలాయన ఆ చలికి ఏమయ్యాడోనని ముప్పై ఏళ్ళుగా కుమిలిపోతున్నానన్నాడు. ఈ గుమ్మం తొక్కడానికి ముఖం చెల్లకే పక్క తలుపులోంచి వస్తున్నానన్నాడు. ఎంతమందికి ఎన్ని కోట్లు తొడిగినా ఆ ఒక్కటీ తిరిగి ఇవ్వలేకపోయానని ఏడ్చాడు.

రబ్బీ అంతా విన్నాడు. శాలువా భుజాల మీదికి లాక్కున్నాడు.

"ఎవరు తీసుకున్నారో నేను చూడలేదు. ఎడమ జేబు చిరిగి ఉండేది, అదొక్కటే నాకు బెంగ" అన్నాడు. "కుట్టుకున్నావు కదా?"

ఫైవెల్ ఒట్టి చొక్కాతో, ఆ మంచులో, కొక్కెం ముందు అలాగే నిలబడిపోయాడు.