ముక్కు మూసుకోమన్న స్వామి

ఆ ఏడు వాన మొహం చాటేసింది. అడవిలో వాగు ఎండిపోయి ఇసుకే మిగిలింది. బూదమ్మ అనే గాడిదకు తన దాహం కన్నా కూతురి దాహమే బెంగ. నాలుగు నెలల పిల్ల, రెండడుగులకోసారి కూలబడుతోంది.

గట్టు మీద నక్క కళ్లు మూసుకుని కూర్చుంది. ఎండలు ముదిరినప్పటినుంచీ అందరికీ అది నక్కస్వామి.

"స్వామీ, నీళ్లెక్కడ?" అంది మేక.

"ముళ్లలోయలో, తల్లీ! కానీ ముక్కు ఉంది చూశావూ, అదే మాయ. ముక్కుల్లో బంకమట్టి పెట్టుకుని, నా వెనకే రండి. ముక్కు మాట విన్నారో, గంగమ్మ అలిగి వెళ్లిపోతుంది."

అందరూ బుద్ధిగా మట్టి పెట్టుకున్నారు, బూదమ్మతో సహా. వాగు దాటుతుంటే దానికి పెద్ద తుమ్మొచ్చి మట్టి ఊడిపడింది. కాళ్ల కింది ఇసుకలోంచి చల్లటి నీటి వాసన! లోయవైపు నుంచి కుళ్లిన ఎముకల కంపు. ఎముకలు కొరికే దుమ్ములగొండి! బూదమ్మ అక్కడే ఆగిపోయింది.

"స్వామీ, నీళ్లు ఇక్కడే ఉన్నాయి. అక్కడుంది దుమ్ములగొండి."

మేక పకపకా నవ్వింది. "గాడిదకేం తెలుసు గంధపుచెక్క వాసన!"

"నా మాట కాదంటే నీ పిల్ల దక్కదు," అని నక్క కళ్లెర్రజేసింది.

బూదమ్మ భయంతో పిల్లను దగ్గరికి లాక్కుంది. స్వామిది దేవుడి మాటే అయితే, మరి తన ముక్కుకి ఈ తెలివి ఇచ్చిందెవరు? అదీ ఆ దేవుడే. అది తేల్చుకున్నాక భయం తగ్గింది.

"తప్పయింది స్వామీ. తమరే ముందు లోయలోకి దిగండి. తమరి వెనకే మేమూ."

నక్క ఒకడుగు వెనక్కి వేసింది. వేటను తోలుకొస్తానని లోయలోని దుమ్ములగొండికి మాటిచ్చింది తనే, కానీ దానికి నాలుగు రోజులుగా తిండి లేదు. ముందెవరొస్తే వాళ్లే దాని భోజనం.

"అదేంటి స్వామీ, గంగమ్మంటే భయమా?" అంటూ మేక రాయికి ముక్కు రాసి మట్టి దులుపుకుంది. ఒక్కసారి గాలి పీల్చి "అమ్మో!" అని కేక పెట్టింది. ఆ కేకకి దుమ్ములగొండి బయటికొచ్చింది. పిలిచి విందు ఎగ్గొట్టిన నక్కనే అడవి పొడుగునా తరిమింది.

బూదమ్మ గిట్టలతో ఇసుక తవ్వింది. మోకాలి లోతున నీరు ఊరింది. పిల్ల ముందు తాగింది.

"గంధం గురించి ఎత్తిపొడిచాను, మనసులో పెట్టుకోకు వదినా," అంది మేక.

"నిజమేలే, గంధం వాసన నాకిప్పటికీ తెలీదు. నీళ్ల వాసన తెలుసు, చాలు," అంది బూదమ్మ.

నీలోని తెలివిని మూసుకుని రమ్మన్నవాడు ఎంత పెద్ద స్వామైనా సరే, వాడు చూపిన దారి పట్టకు.